రెండో సగం

ఇన్నాసి ఫాదర్ గారిని ఏదైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు చెప్పుల కోసం వెతుక్కునేవారు. జవాబు బంగళాలో దొరకదనీ, దానికోసం ఊళ్లోకి నడవాలనీ ఆయన నమ్మకం. ఫాదర్లు కాబోయే గురువిద్యార్థులకు ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పి, పెద్దతనాన పలనాటి మెట్ట ఊళ్లో ఒక చిన్న గుడికి వచ్చి కూర్చున్నా ఆ అలవాటు పోలేదు. ఎండాకాలంలో ఆయన్ని ప్రశ్న అడగాలంటే జనం జంకేవారంటే నమ్మండి!

ఆ ఏడు ఆయన దగ్గర సేవ చెయ్యమని పంపిన బ్రదర్ లూర్దురాజు మాత్రం జంకే రకం కాదు. ఇంకో రెండేళ్లలో గురుపట్టం అందుకుని ఫాదర్ కావలసినవాడు. అతనికి ఒకటే దిగులు. ఒకప్పుడు రాజులు మోకరిల్లిన పడమటి దేశాల్లో ఇప్పుడు గుళ్లు మూతబడుతున్నాయి. పూజాపీఠం ఉన్నచోట హోటలు బల్లలు వేస్తున్నారు. రోము పాపుగారి మాటకు కిరీటాలు వంగిన గడ్డమీద, బడి గోడకి సిలువ ఉండాలా తీసెయ్యాలా అని కోర్టులకెక్కుతున్నారు. దొంగ దిగులు కాదది. ఆ పాడుబడ్డ గుళ్ల ఫోటోలు చూసిన రోజు అతనికి అన్నం సయించేది కాదు. ఆ బాధంతా ఒక లావుపాటి నోటుబుక్కులో రాస్తున్నాడు. నూటనలభై పేజీలయ్యాయి గానీ దోషి మాత్రం తేలలేదు.

ఒక మధ్యాహ్నం ఆ నోటుబుక్కు చంకన పెట్టుకుని వచ్చి అడిగేశాడు.

"ఫాదర్ గారూ, ఒక్క పేరు చెప్పండి చాలు. పెళ్లి కోసం క్రైస్తవ తిరుసభను చీల్చిన రాజా? రాజుల తలలు నరికి, గుళ్లలో గుర్రాలు కట్టినవాళ్లా? దేవుడి ఊసే లేకుండా చట్టాలు రాసుకున్న పార్లమెంట్లా? ఆ నాగరికతని ఎవరు చంపారు?"

ఫాదర్ గారికి నవ్వు రాలేదు. యాభై ఏళ్ల కిందట రోములో చదువుకున్న మనిషి ఆయన. ఆ గుళ్లు నిండుగా ఉండగా చూశారు, పలచబడుతుండగానూ చూశారు. "వాళ్లు నిర్దోషులని నేననను," అని గొణుగుతూ మంచం కిందికి వంగి చెప్పులు తడుముకోసాగారు.

అంతలోనే శౌరీలమ్మ కొడుకు జోజి రొప్పుకుంటూ వచ్చాడు. "అమ్మకి ఎగశ్వాస పట్టింది ఫాదర్ గారూ! చివరి తైలం పూయాలి, తొందరగా రండి."

శౌరీలమ్మ ఆ ఊరికి జపాలు నేర్పిన పాత ఉపదేశి భార్య. మొగుడు పోయాక కూడా, పొద్దుగూకగానే అరుగుమీద కూర్చుని జపమాల ఎత్తుకునేది. పూసపూసకీ మరియమ్మకి చెప్పే మంగళవార్త జపం ఒక్కరు చెప్పేది కాదు కదా. ఒకరు మొదటి సగం అంటే, మిగతావాళ్లు రెండో సగం అందుకోవాలి. ఆమె మొదటి సగం అంటే ఒకప్పుడు వీధి వీధంతా అందుకునేది. వీధి తగ్గి, ఇల్లు తగ్గి, చివరికి పక్కింటి అన్నమ్మ ఒక్కతే మిగిలింది. అన్నమ్మ పోయిన ఏడు కన్నుమూసింది. రెండు సగాలూ నువ్వే చెప్పుకోవచ్చు కదమ్మా అని కొడుకంటే, "నేనే పిలిచి నేనే పలకడానికి నాకేం పిచ్చా?" అని కసిరేది. మహా మొండి మనిషి.

లూర్దురాజుకి రాత్రి భోజనం ఆ ఇంట్లోనే. అతను గుమ్మం ఎక్కేసరికి ఆమె ముఖం విప్పారేది. "బ్రదరయ్యా, ఒక్క పదిపూసలు అందుకో నాయనా," అని బతిమాలేది. "రేపు మామ్మా, ఈ పేజీ పూర్తికావాలి," అనేవాడు. పాపం, అబద్ధమేమీ కాదు. పేజీ నిజంగానే మిగిలుండేది.

"గుళ్లో తైలం తీసుకుని జోజి చెయ్యి పట్టుకు వస్తాను. నా కాళ్లతో ఆలస్యమవుతుంది, నువ్వు ముందు పద," అన్నారు ఫాదర్ గారు. "పోయి ఆమె దగ్గర కూర్చో."

లూర్దురాజు పరుగులాంటి నడకతో వెళ్లాడు. మంచం పక్కన కోడలు కరుణమ్మ, కాలేజీ చదివే మనవరాలు నిలబడి ఉన్నారు. ముసలామె కళ్లు తెరిచింది. వేళ్లమధ్య జపమాల కదిలింది. ఊపిరి కూడదీసుకుని మొదటి సగం చెప్పి, ఆగింది.

రెండో సగం ఎవరూ అందుకోలేదు.

బ్రదర్ కరుణమ్మ వైపు చూశాడు. "చెప్పండమ్మా!"

"నాకు సగంసగం వచ్చండీ," అంటూ ఆమె తల వంచుకుంది. మనవరాలు కంగారుగా ఫోను తీసి వెతకసాగింది.

ముసలామె మళ్లీ మొదటి సగం చెప్పింది. ఈసారి పెదవులే ఎక్కువ కదిలాయి. ఆగి, "అందుకోండయ్యా," అంది.

లూర్దురాజుకి గుండె మండిపోయింది. ఇంత భక్తురాలి ఇంట్లో ఇంత దరిద్రమా! "ఎంత సిగ్గుచేటమ్మా! ఉపదేశి మనవరాలికీ, ఆయన కోడలికీ మంగళవార్త జపం రాదా? పడమట గుళ్లు ఊరికే మూతబడ్డాయా? ఇదిగో, ఇట్లాగే మొదలైంది!" కరుణమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. అతనికీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత గొప్ప సాక్ష్యం మళ్లీ దొరకదని తోచింది. కిటికీ దగ్గరికి జరిగి, నోటుబుక్కు తెరిచి, నూటనలభై ఒకటో పేజీలో గబగబా రాయసాగాడు. వెనక మూడోసారి ఏదో సన్నగా వినబడింది. వాక్యం మధ్యలో ఉన్నాడు. తల తిప్పలేదు.

ఫాదర్ గారు తైలం బరిణెతో గుమ్మంలోకి వచ్చేసరికి శౌరీలమ్మ వెళ్లిపోయింది. బొటనవేలు ఒక పూస మీద ఉండిపోయింది. జోజి తల్లి కాళ్లమీద పడి బావురుమన్నాడు. ఫాదర్ గారు ఆమె కళ్లు మూసి, వేళ్లని మాత్రం కదపకుండా వదిలేశారు.

లూర్దురాజు నోటుబుక్కు కిటికీలో పెట్టి ముందుకొచ్చాడు. "మూడుసార్లు మొదలుపెట్టింది ఫాదర్ గారూ! ముమ్మారు అడిగి, ఎదురుచూసి పోయింది. ఈ ఇంట్లో రెండో సగం ఒక్కరికంటే ఒక్కరికి రాదు."

ఫాదర్ గారు కిటికీలో తెరిచి ఉన్న నోటుబుక్కు వంక చూశారు. సిరా ఇంకా ఆరలేదు. ఆయన మెల్లగా మంచం పక్కన మోకరిల్లారు.

"నీకు వచ్చు కదా, నాయనా," అన్నారు.