కొంగు వైపు ముక్క

కూర్మనాథం మాస్టారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. శ్రీకాకుళంలో ఆయన ఇంటి వసారాలో ఆదివారం సాయంత్రాలు కథలు రాసేవాళ్లు చేరేవారు. ఆయన ఓ వారం కన్నడ కథ, ఓ వారం మలయాళ కథ, తెలుగులోకి వచ్చిన సంపుటాల్లోంచి తీసి చదివేవారు. వినడమే వాళ్ల చదువు.

ఆ శిష్యుల్లో దమయంతికి అప్పటికే మంచి పేరుంది. సిక్కోలు యాసను అంత ఒడుపుగా రాసేవాళ్లు జిల్లాలో లేరనేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఒక ఒడియా కథల సంపుటం చదివి నలుగురికీ చెప్పమని మాస్టారు ఇవ్వబోతే ఆమె చెయ్యి చాపలేదు.

"అనువాదంలో కథ ఒళ్లు వస్తుంది గానీ ప్రాణం వస్తుందా మాస్టారూ? నా కథని ఇంకో భాషలో పెడితే అందులో నేనుంటానా? మరి వాళ్ల కథల్లో మనకేం దొరుకుతుంది?" అంది.

మాస్టారు పుస్తకం పక్కన పెట్టి, పై ఆదివారం బరంపురంలో పని ఉందనీ, తోడు రమ్మనీ అడిగారు.

పని అంటే ఒక గ్రంథాలయం మేడ మీద కథలు చదివే సభ. సంతోషిణి పాణిగ్రాహి అనే బడిపంతులమ్మ ఒడియాలో చదువుతోంది. ఒక్క ముక్కా అర్థం కాక దమయంతి కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. అంతలో 'నూకాలమ్మ' అన్న పేరు చెవిన పడింది. ఉలిక్కిపడింది. నూకాలమ్మ తన కథలో మనిషి. ఇది తన కథే. చనిపోయిన తల్లి చీర కోసం అక్కచెల్లెళ్లిద్దరు పోట్లాడుకుని, ఆఖరికి దాన్ని అడ్డంగా చించి పంచుకునే కథ. ఎప్పుడో మాస్టారు అడిగితే అనువాదానికి సరేనంది. తర్వాత ఏమైందని ఆరా తీయలేదు.

ఇక అక్కణ్నుంచి ఆమె మాటలు వినడం మాని మనుషుల్ని చూసింది. అక్కచెల్లెళ్లు తిట్టుకునే చోట గదంతా నవ్వింది. చీర చిరిగే చోట ఎవరూ కదల్లేదు. దమయంతి గుండె నిండిపోయింది.

సభ అయ్యాక, రాసింది ఈమేనని తెలిసి, ముందు వరసలోని ఒక పెద్దావిడ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. కథని ఒడియాలోకి తెచ్చిన సంతోషిణి తెలుగులో చెప్పింది: "కొంగు వైపు ముక్క ఎవరికొచ్చిందని అడుగుతున్నారు."

ఆ కథని మెచ్చుకున్నవాళ్లంతా యాస గురించే మాట్లాడారు. ఈ మాట ఎవరూ అడగలేదు. రాసిన తనకే తోచలేదు. దమయంతి కాసేపు ఆలోచించి, "చెల్లెలికి" అంది. పెద్దావిడ తల ఊపింది. తల్లి పోయాక చెల్లెలితో తనకు మాటల్లేవనీ, తల్లి చీర ఇంకా తన పెట్టెలోనే ఉందనీ చెప్పింది. వెళ్తూ వెళ్తూ, తను కూడా చెల్లెలికి కొంగు వైపే ఇస్తానంది.

తిరుగు రైల్లో దమయంతి కాలు నేల మీద నిలవలేదు. గది నవ్విన తీరు చెప్పిందే చెప్పింది. మాస్టారు ముచ్చటగా విన్నారు. ఇచ్ఛాపురం దాటాక ఆమె కాస్త నెమ్మదించి, "నా యాస అంతా పోయే ఉంటుంది కదా మాస్టారూ. మరి ఆవిడకి నూకాలమ్మ ఎలా అందింది?" అంది.

"ఆవిడ నీ భాష నేర్చుకోలేదమ్మా" అన్నారు మాస్టారు. "చెవి ఒగ్గింది."