ఆవగింజంత కంటిపాప

అనగనగా అంటే మరీ వెనకటి మాట కాదులే బుజ్జీ. పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిది, నవంబరు తొమ్మిది, గురువారం. పొద్దుటినుంచీ మబ్బు. మధ్యాహ్నం దాటాక గాలి లేచింది.

ఒక ఊళ్ళో నాంచారమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె మొగుడు కోటయ్య ఆ రోజు పత్తిచేనుకి పురుగుమందు కొట్టడానికి వెళ్ళాడు. ఆ ఊరి మగాళ్ళు మందుని బకెట్లో పోసి, మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపేవాళ్ళు. కర్రతో కలిపితే పిరికివాడని నవ్వేవాళ్ళు. కోటయ్య కూడా చెయ్యే పెట్టాడు. ఆ తర్వాత మందు కొడుతూ గాలికి ఎదురు నడిచాడు. చొక్కా తడిసిపోయింది.

ఆ తడి చొక్కాతోనే ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. ముందు ఒళ్ళంతా చెమటలు. మబ్బు రోజున ఇంత చెమటేమిటా అనుకుంది నాంచారమ్మ. ఆ తర్వాత వాంతి అయింది, నోట్లోంచి చొంగ ధారగా కారింది. అప్పుడు రెప్పలూ పెదవులూ వాటంతటవే అదిరాయి.

కోటయ్య అన్న చలమయ్య వచ్చి చూసి నవ్వాడు. కల్లు దుకాణం మీదుగా వచ్చుంటాడనీ, మజ్జిగ పట్టించి పడుకోబెడితే తెల్లారేసరికి దిగుతుందనీ చెప్పి, తనే ముంత తెచ్చాడు.

నాంచారమ్మకి పాత సంగతి గుర్తొచ్చింది. పుట్టింట్లో ఆమె చిన్నన్న ఇలాగే పురుగుమందు కొట్టొచ్చి, అందరూ తాగాడనుకుంటూ ఉండగానే పోయాడు. ఈ విషానికి కంటిపాప చిన్నదైపోతుందనీ, కళ్ళు చూసి ఉండాల్సిందనీ డాక్టరు తర్వాత చెప్పాడు. మొగుణ్ణి మసకగా ఉన్న గదిలోకి లాగి రెప్పలెత్తి చూసింది. వెలుగు తక్కువైతే కంటిపాప పెద్దదవ్వాలి కదా. మన పిల్లికి చూడు, సందెవేళ కళ్ళు నల్లగా నిండిపోతాయి, పాలగిన్నె దగ్గర ఎన్నిసార్లు దొరికిందో దొంగమొహంది. సరే, అది వేరే కథ. కోటయ్య కంటిపాప మాత్రం ఆవగింజంతే ఉంది.

"బావగారూ, నోట్లో ఏమీ పొయ్యకండి, ఊపిరికి అడ్డంపడుతుంది. ఇది కల్లు కాదు, విషం. బండి కట్టండి."

"రేప్పొద్దున లేచి కూర్చుంటే ఊరంతా నవ్వుతుందమ్మా."

"నవ్వనివ్వండి. వినడానికి ఆయన ఉంటాడుగా."

చలమయ్య బండి కట్టేలోగా మొగుడి చొక్కా విప్పి పారేసింది. సబ్బుతో ఒళ్ళు కడిగింది. మందు డబ్బా సంచిలో వేసుకుంది. బండిలో మొగుణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఆసుపత్రిదాకా మూడు మైళ్ళూ ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టుకు కూర్చుంది.

డాక్టరు డబ్బా మీద పేరు చదివి సూది వేశాడు. కళ్ళు చూశాడు. మళ్ళీ వేశాడు. మూడోరోజుకి కోటయ్య పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచి గంజి అడిగాడు.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు బతికాడు. పోయేముందు చేను కూతురికి రాశాడు, ఇల్లు నాంచారమ్మకి రాశాడు. చలమయ్యకి ఏమీ రాలేదు. ఆయన అడగనూ లేదు. ఆ రోజు నవ్వాక తమ్ముడి మొహంలోకి సూటిగా చూసి ఎరగడు.

కథేమో కంచి దారి పట్టింది,
బుజ్జికేమో నిద్ర ముంచుకొచ్చింది.