కోటకంతా ఒకటే తీగ

గరికకొండ కోటలో రాజు మల్లభూపతి గారికి ఒకరోజు పొద్దున్నే ప్రజల మీద దయ పుట్టుకొచ్చింది. ఆయనకు దయ పుట్టినప్పుడల్లా ఎవరో ఒకరి కొంప మునుగుతుంది.

"నా ల్యాప్‌టాప్‌లో నెట్టు వస్తోంది. రాణిగారి ఫోన్లో రావటం లేదు, సేనాపతి ఫోన్లో రావటం లేదు. నేనొక్కణ్నే చూసి నేనొక్కణ్నే నవ్వుకుంటుంటే పిచ్చివాడిలా ఉంది. అందరికీ రావాలి!" అన్నారు నిండు సభలో.

అంత ఎత్తు కొండ మీద సెల్ టవర్ లేదు. కింద ఊళ్లోంచి ఒకే ఒక్క తీగ పైకొచ్చి, తిన్నగా రాజుగారి ల్యాప్‌టాప్‌లోకి దూరుతుంది. ఆ ల్యాప్‌టాప్ మీట నొక్కే అధికారం కోటలో ఒక్కరికే ఉంది. ఆయన యంత్రవిద్యా సార్వభౌమ శంభావధాని గారు. దాన్ని తెరిచే ముందు అవధాని గారు ఆచమనం చేస్తారు, కళ్లు మూసుకుంటారు, పెదవులు కదుపుతారు. ఆ తర్వాత లోకంలో అందరూ ఎత్తినట్టే మూత ఎత్తుతారు.

అవధాని గారు గడ్డం నిమురుకున్నారు.

"ప్రభూ, నెట్టు తీగలోనే ప్రవహిస్తుంది. తీగ లేనిదే గడప దాటదు. ఒక్కొక్కరికీ ఒక్కో తీగ లాగాలి. రాణివాసానికి తిన్నగా పోవాలంటే దారిలో ఒక ఇల్లు అడ్డం. పడగొట్టాలి."

"ఎవరిదయ్యా?"

"మన గవరయ్యది."

గవరయ్య కొలువులో నవ్వించేవాడు. ఈమధ్యే అవధాని గారి ఆచమనాన్ని సభలో అనుకరించి చూపిస్తే రాజుగారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. అవధాని గారూ నవ్వారు, పళ్లతో మాత్రమే. తీగ తన ఇంటి మీదుగానే ఎందుకు పోవాలో గవరయ్యకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"సరే, రేపు పొద్దున్నే గునపాలు దింపండి," అన్నారు రాజుగారు, వక్కపలుకు నోట్లో వేసుకుంటూ.

గవరయ్య ఏళ్ల తరబడి వాళ్ల పంచన, వీళ్ల పంచన తలదాచుకుని చివరికి కట్టుకున్న ఇల్లు అది. గోడలకు సున్నం వాసన ఇంకా పోలేదు. ఈ మాట భార్య వీరమ్మకు చెప్పటం కంటే తానే వెళ్లి గునపం కింద తల పెట్టటం నయమనిపించింది.

"ప్రభూ, మా బావమరిది పెళ్లిలో ఫొటోలవాడు తన ల్యాప్‌టాప్‌కి తీగ పెట్టి, ఏదో మీట వేశాడు. పందిట్లో అందరి ఫోన్లకూ గాల్లోనే నెట్టు వచ్చేసింది. తీగల్లేవు, గునపాల్లేవు!"

"ఏ మీట?" అన్నారు రాజుగారు.

ఏ మీటో గవరయ్య చూడలేదు. ఆ సమయంలో అతని దృష్టంతా గారెల మీద ఉంది మరి.

అవధాని గారికి అదే చాలింది. "పెళ్లివారి యంత్రంలో ఉంటే ఉండొచ్చు ప్రభూ. తమది రాచయంత్రం. అలాంటి చిల్లర మీటలు ఇందులో ఉండవు. నా విద్య మీద ఒట్టు. లేదు, లేదు, లేదు!"

సభ తలాడించింది. ఆ సభకు వచ్చిన విద్య అదొక్కటే.

గవరయ్యకు ల్యాప్‌టాప్ ముట్టుకునే అధికారం లేదు. ముట్టుకోనిచ్చినా ఆ మీట ఎక్కడుందో తెలియదు. తెలిసినవాడు మాత్రం ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఆయన చేతే చూపించాలి. గవరయ్య వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"పొరపాటైంది ప్రభూ. వేరే మాట అడుగుతాను. తమరు చూసే కుస్తీ వీడియో మధ్యమధ్యలో ఆగిపోయి, సున్నా ఒకటి గిరగిరా తిరుగుతుంది కదా?"

రాజుగారి మొహం ముడుచుకుంది. "అవునయ్యా! సరిగ్గా పట్టు పట్టేటప్పుడే ఆగి చస్తుంది. ఎందుకంటావ్?"

"చెప్పాలంటే భయంగా ఉంది. అవధాని గారు ఆ మీటేదో వేసి ఉంచి, తమ నెట్టును చాటుగా వాళ్లింటిల్లిపాదికీ పంచుతున్నారని కోటంతా కోడై కూస్తోంది."

కోటలో ఏ కోడీ కూయలేదు. ఆ మాట అప్పటికప్పుడు గవరయ్య నోట్లో పుట్టింది. కానీ రాజుగారి మీసం నిక్కబొడుచుకుంది.

"అవధానీ! నా కుస్తీ ఆపి మీ ఇంట్లో చూస్తున్నారా?"

అవధాని గారికి ముచ్చెమటలు పోశాయి. పరుగున వచ్చి, ఆచమనం మాటే మరిచి మూత ఎత్తారు. టకటకా ఏవో నొక్కి తెరను రాజుగారి వైపు తిప్పారు.

"అబద్ధం ప్రభూ, పచ్చి అబద్ధం! తమరే చూడండి. ఇదిగో హాట్‌స్పాట్, ఇదిగో దాని మీట. ఆపే ఉంది! కొన్ననాటి నుంచీ ఆపే ఉంచాను. ఒక్కసారి వేసి ఉంటే నా చెయ్యి విరిగిపోను!"

గవరయ్య ఒక అడుగు ముందుకు వేసి, ఎంతో అమాయకంగా అడిగాడు.

"లేని మీటను ఎలా ఆపారు స్వామీ?"

రాజుగారు అవధానిని చూశారు, తెరను చూశారు, మళ్లీ అవధానిని చూశారు. కిరీటం జారి చెవి మీద పడేంతగా నవ్వారు.

"వెయ్యవయ్యా మీట!"

అవధాని గారు వేశారు. తెర మీద కనబడ్డ పాస్‌వర్డ్‌ను అందరికీ వినబడేలా చదవమంటే, మంత్రం చదివే గొంతుతోనే అదీ చదివారు. రాణిగారి ఫోన్ టింగుమంది. సేనాపతి ఫోన్ టింగుమంది. ఆ తర్వాత సభంతా టింగు టింగుమంటూ మోగిపోయింది.

రాజుగారు మెడలోని ముత్యాల హారం తీసి గవరయ్య మెడలో వేశారు. "నీ ఇంటి జోలికి ఎవడూ రాడు. ఇంకేం కావాలో కోరుకో."

"ఇల్లు నిలబడింది, అదే చాలు ప్రభూ," అంటూ గవరయ్య హారాన్ని కళ్లకద్దుకున్నాడు. "కాకపోతే, ఈ నెట్టు మా ఇంటి దాకా వస్తే మా వీరమ్మ సంతోషిస్తుంది."

అవధాని గారు అలవాటు కొద్దీ నోరు తెరిచారు. "అంత దూరం రానే రాదు ప్రభూ!"

రాజుగారు మెల్లగా తల తిప్పారు. "రాదా?"

"వస్తుంది ప్రభూ, వస్తుంది! రాకపోతే నేనే మోసుకెళ్లి ఇచ్చి వస్తాను."

సభంతా గొల్లున నవ్వింది.