సూరీడమ్మ సాక్ష్యం

తీతుకు కోపం వచ్చి మూడు రోజులైంది. క్రైస్తవ వేదాంత కళాశాలలో మొదటివాడిగా నెగ్గి, ఆ గోదావరి లంక గ్రామంలో వృద్ధుడైన పాస్టరు నతానియేలు అయ్యగారి దగ్గర ఏడాదిపాటు సంఘసేవ నేర్చుకున్నాడు. పాస్టరుగా అభిషేకం పొందడానికి ఇక కావలసింది ఒక్క సాక్ష్యపత్రం. "ఇతడు సంఘమనే మందను కాయడానికి తగినవాడు" అని అయ్యగారు రాసి సంతకం పెట్టాలి. సోమవారంలోగా అది పట్నంలోని పెద్దలకు అందకపోతే అభిషేకం మరో ఏడాదికి పోతుంది. కాగితమేమో బుధవారం నుంచి అయ్యగారి బల్ల మీద తెల్లగా పడి ఉంది.

శనివారం ఉదయం ఇక ఓర్చుకోలేకపోయాడు.

"నాలో ఏ లోపం కనబడిందండి అయ్యగారూ? ప్రార్థన మానానా? ప్రసంగం తప్పానా?"

అయ్యగారు తల ఎత్తలేదు. "బుధవారం సూరీడమ్మగారు గిన్నె తెచ్చారట."

సూరీడమ్మది గోడకు అవతలి ఇల్లు. ఇరవై ఏళ్ళుగా అయ్యగారుండే మిషను బంగళాకు పాలు పోస్తున్నది. ఆమె కోడలికి కాన్పు కష్టమైనప్పుడు అయ్యగారు పగలంతా ఆసుపత్రి వరండాలో కూర్చుని వచ్చారు. తల్లీ బిడ్డా క్షేమంగా ఇల్లు చేరాక ఆమె సత్యనారాయణ వ్రతం చేసుకుని, మూత పెట్టిన గిన్నెతో గేటు దగ్గరకు వచ్చింది. అప్పుడు అయ్యగారు బంగళాలో లేరు.

"తెచ్చిందండి, ప్రసాదం." తీతు గొంతు గట్టిపడింది. "విగ్రహానికి పెట్టింది మా గడప దాటదన్నాను. గేటు బయట కాకులకు పారబోసి గిన్నె ఇచ్చేశాను. మీరైతే తినేవారా?"

"తినను."

"మరి నా తప్పేమిటండి?"

"ఆవిడ ఏం చెప్పబోయిందో విన్నావా?"

"అన్యురాలి మాట వినేదేముందండి!" సంఘంలో చేరనివారిని తీతు ఆ మాటతోనే పిలిచేవాడు. "మా తాతకు ఇలాంటి గుమ్మాల ముందే దోసిట్లో నీళ్ళు పోశారు. చెంబు ముట్టనివ్వలేదు."

"మా నాన్నకూ పోశారు," అన్నారు అయ్యగారు. "ఆవిడ ఆ గిన్నె నీ చేతికిచ్చిందా, కింద పెట్టిందా?"

"చేతికే ఇచ్చిందండి."

అయ్యగారు లేచారు. ఆయన గొంతు పెంచగా ఏడాదిలో ఒక్కసారీ తీతు వినలేదు. ఇప్పుడూ పెంచలేదు. బల్ల మీది కాగితాన్ని అందుకున్నారు.

"పద."

సూరీడమ్మ పెరటి గుమ్మంలో పాలచెంబులు తోముతున్నది. అయ్యగారిని చూసి పీట వాల్చింది. తీతు వైపు చూడలేదు.

అయ్యగారు కూర్చుని, కాగితం మోకాలి మీద పరచి, జేబులోంచి కలం తీశారు.

"అమ్మా, ఇతణ్ణి పాస్టరును చేయాలంటే సాక్ష్యం కావాలి. ఎలాంటివాడో మీరు చెప్పండి. నేను రాస్తాను."

తీతు ముఖం జేవురించింది. "ఈవిడా? అయ్యగారూ, ఈవిడ మన సంఘంలోనే లేదు!"

"అందుకే వచ్చాను."

సూరీడమ్మ చెంబును నేలకు కొట్టినట్టు పెట్టింది. "నన్నెందుకండి ఇందులోకి లాగుతారు? మీతో ఓ మాటన్నానా? ఈ మూడు రోజులూ పాలు ఆపానా?"

"ఆపలేదు. అందుకే మరీ సిగ్గుగా ఉంది. చెప్పండి."

అప్పుడామె తీతు వైపు తిరిగింది.

"ఏం బాబూ, మా వీధిలో ఎవరి గిన్నే ఉత్తినే తిరిగి రాదు. గుప్పెడు ఉప్పైనా వేసి పంపుతారు. పోనీలే, చదువుకున్నోడివి, నీకు తెలీదనుకున్నాను. కానీ నేను నోరు తెరిస్తే చెయ్యడ్డం పెట్టేశావే! ఆ రోజు పొద్దున్నే తలంటుకుని రెండు పొయ్యిలు వెలిగించాను. ఒకటి వ్రతానికి, ఒకటి అయ్యగారికి. ఆయన నైవేద్యం ముట్టరని నాకు తెలీదా? నీ చేతికిచ్చిన గిన్నె దేవుడి గది గడప తొక్కలేదు. మా అత్త బతికున్నన్నాళ్ళూ తిట్టేది, 'దేవుడికి వండే పూట ఆ పాదిరికి వేరే వంటేమిటే' అని. తిట్టించుకున్నాను గానీ మానలేదు. నువ్వు నా కళ్ళెదుటే కాకులకేశావు."

ఇరవై ఏళ్ళుగా ఆ రెండో పొయ్యి వెలుగుతున్నదని తీతుకు ఎవరూ చెప్పలేదు. అతను ఎవర్నీ అడగలేదు.

"ఇదే రాయనా అమ్మా?" అన్నారు అయ్యగారు. కలం కాగితానికి ఆనింది.

ఇంట్లో పసిబిడ్డ ఏడ్చింది. కోడలు జోకొడుతున్న చప్పుడు వినబడింది. సూరీడమ్మ కలం వైపు చూసింది, తీతు వైపు చూసింది. ఆమె కోపం ఏమీ తగ్గలేదు. ముక్కుపుటాలు అదురుతూనే ఉన్నాయి.

"నిజం రాస్తే ఈ అబ్బాయి నోటికాడ కూడు పోద్ది. అబద్ధం నా నోట రాదు." తడిచేతులు కొంగుకు తుడుచుకున్నది. "ఇప్పుడేమీ రాయకండి అయ్యగారూ. వచ్చే ఏడు ఇదే రోజుకి మళ్ళీ వచ్చి అడగండి. అప్పుడు చెప్తాను."

"వస్తాను," అని అయ్యగారు కలానికి మూత పెట్టారు. కాగితాన్ని తెల్లగానే మడిచి తీతు చేతిలో పెట్టారు.

బంగళా గేటు దగ్గర తీతు ఆగిపోయాడు.

"ఏడాది పోయిందండి," అన్నాడు. ఆ గొంతులో ఇప్పుడు కోపం లేదు.

"పోలేదు. ఆవిడ నీకు ఇచ్చింది." అయ్యగారు వెనక్కి తిరగకుండానే గడియ తీశారు. "నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు."