పర్వతాలుని దింపండి

కాలవ గట్టుకి దిగువన ఓ ఇటుకల బట్టీ ఉంది. ఇటుకల కోసం మట్టి తవ్వగా తవ్వగా అక్కడ పెద్ద గొయ్యి పడింది. ఎండాకాలమంతా జంతువుల ఫుట్‌బాల్ పోటీలు ఆ గోతిలోనే జరిగేవి. దాన్ని కింది లీగు అనేవారు. గట్టు మీద ఇంకో మైదానం ఉంది, అది పై లీగు. అక్కడ పచ్చిక ఏడాది పొడుగునా ఎండదు. కింది లీగులో మొదట నిలిచిన జట్టు తన వాళ్ళందరితో సహా గట్టెక్కి అక్కడికి చేరిపోతుంది. ఇక ఆటా అక్కడే, మేతా అక్కడే. మిగిలినవాళ్ళకి గొయ్యే గతి. తొలకరి పడిందంటే ఆ గొయ్యి నిండిపోతుంది. అప్పుడు ఆట లేదు, మేత లేదు, బట్టీ వెనక చూరు కింద బురదలో నిలబడి తడిసిన ఎండుగడ్డి నమలడమే.

బట్టీ జట్టుకి గవరయ్యని మించిన అభిమాని లేడు. గవరయ్య గాడిద. పగలంతా ఇటుకలు మోసి, సాయంత్రం అయ్యేసరికి గోతి ఒడ్డున నిలబడి ఓండ్ర పెట్టేవాడు. అది కాలవ అవతలి ఊరికి కూడా వినిపించేది. ఊహ తెలిసినప్పట్నించీ ఆ జట్టునే చూస్తున్నాడు గానీ, ఒక్క ఏడైనా అది గట్టెక్కింది లేదు. ఈమధ్య వయసు మీద పడి మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఇంకో వానాకాలం ఆ బురదలో గడిపితే మళ్ళీ లేవనేమోనన్న భయం లోపల పీకుతూనే ఉంది. బట్టీలోని కుర్ర గాడిదల్ని "ఈ ఏడైనా పైకి పోతామంటారా?" అని అడిగితే, "జట్టు సంగతి తెలీదు గానీ పెదనాన్నా, నీ మోకాళ్ళు చూస్తే నువ్వు మాత్రం పోయేలా ఉన్నావు" అని నవ్వేవి. గవరయ్యకి ఆ నవ్వు ఎందుకో ముందు అర్థమయ్యేది కాదు. అర్థమయ్యాక రాత్రి నిద్ర పట్టేది కాదు.

ఆటగాళ్ళ గురించి అతని అభిప్రాయాలు వినాలంటే ఓపిక కావాలి. పొట్టేలు వీర్రాజు జట్టుకి ప్రాణం అనేవాడు. ఊపిరి తీసుకునేలోపు, వాడికి తలకాయే గానీ బుర్ర లేదనేవాడు. అదీ నిజమే, వీర్రాజు తల వంచి పరుగు లంకించుకున్నాడంటే ఎదురుగా ఉన్నది బంతో గోలు స్తంభమో చూసుకోడు. నల్లకుక్క మైదానమంతా తనే అయి ఆడేది గానీ, గట్టు మీద మోటార్ సైకిల్ పోయిందంటే ఆట వదిలేసి దాని వెంట పడేది. దాన్ని తీసెయ్యాలనీ, అది లేకపోతే జట్టే లేదనీ గవరయ్య ఒకే గుక్కలో చెప్పేవాడు. వినేవాళ్ళు మొదట్లో వాదించేవారు. తర్వాత తల ఊపి జారుకోవడం నేర్చుకున్నారు. తను ఏ పక్షాన మాట్లాడుతున్నాడో గవరయ్యకే తెలిసేది కాదు పాపం, అభిమానం ముదిరితే అంతే మరి.

ఒక్క పర్వతాలు విషయంలో మాత్రం మాట మార్చి ఎరగడు. పర్వతాలు తెల్లటి ఎద్దు, జట్టుకి గోలీ. గోలు ముందు అడ్డంగా నిలబడి నెమరు వేస్తుంటాడు. కుడికి దూకడు, ఎడమకి దూకడు. బంతి వచ్చి పొట్టకి తగిలి కింద పడితే ముట్టెతో అవతలికి తోసేస్తాడు. ఆటన్నాక కదలాలి కదా, కదలనివాడు ఆటగాడెలా అవుతాడని గవరయ్య గోల. బంతి లోపలికి పోవట్లేదు కదా అని ఎవరైనా అంటే, దానికీ దీనికీ సంబంధమేమిటో అతనికి ఎంతకీ అందేది కాదు.

ఆ ఏడు ఆఖరి ఆట సరుగుడు తోపు జట్టుతో పడింది. బట్టీ జట్టు కెప్టెన్ సూర్రావు, కోడిపుంజు. ముందు రోజు అందర్నీ కూర్చోబెట్టి లెక్క చెప్పాడు. పాయింట్లలో మనమే ఒక మెట్టు పైనున్నాం, ఓడకపోతే చాలు, డ్రా అయినా ప్రమోషన్ మనదే అన్నాడు. గవరయ్య విన్నాడు గానీ ఆ లెక్క తలకెక్కలేదు. గెలవకుండా పైకి పోవడమేమిటని అడుగుదామనుకునేలోపే సభ లేచిపోయింది.

సరుగుడు తోపు జట్టుకి పెద్దతల నక్క మాణిక్యం. వాళ్ళలో ఓ అడవిపంది ఉంది. అది బంతిని తన్నిందంటే ఎదురు నిలిచే గోలీ కింది లీగులో పర్వతాలు ఒక్కడే. పర్వతాలు గోల్లో లేకపోతే ఆట తమదేనని మాణిక్యానికి బాగా తెలుసు. అందుకని ఆ సాయంత్రం మెల్లగా బట్టీ వైపు వచ్చాడు. ఆటగాళ్ళనెవర్నీ పలకరించలేదు, తిన్నగా గవరయ్య దగ్గరికే వెళ్ళాడు.

"గవరయ్య గారూ, బాగున్నారాండీ?"

గారు అనిపించుకోవడం అలవాటు లేక, వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని గవరయ్య తిరిగి చూశాడు.

"మిమ్మల్నేనండీ. రేపటి ఆట గురించి మీ అభిప్రాయం కనుక్కుని పోదామని వచ్చాను."

అభిప్రాయం అడిగినవాడు గవరయ్యకి ఇన్నేళ్ళలో తగల్లేదు. ఇంకేముంది, అందుకున్నాడు. వీర్రాజుని మెచ్చుకున్నాడు, తిట్టాడు, కుక్కని తిట్టాడు, మెచ్చుకున్నాడు. మాణిక్యం ఎక్కడా అడ్డు రాకుండా అవునండీ, నిజమేనండీ అంటూ వింటూనే ఉన్నాడు. మాట పర్వతాలు దాకా వచ్చేసరికి మాత్రం కాస్త ముందుకి జరిగాడు.

"నాకూ అదే అర్థం కాదండీ. కదలనివాణ్ణి గోల్లో పెట్టుకుని పైకి ఎలా పోతారండీ మీరు?"

"నేనూ అదే కదా మొత్తుకుంటున్నాను. ఎవడింటాడు?"

"ఇక్కడ నాతో అంటే ఎవరింటారండీ? రేపు ఆట మొదలయ్యే ముందు అందరి చెవులా పడేలా అనండి. దేవుడు మీకా గొంతు ఊరికే ఇచ్చాడంటారా?"

గవరయ్య పొంగిపోయాడు. వెంటనే ఓ అనుమానమూ వచ్చింది. నువ్వు అవతలి జట్టువాడివి కదా, మా మంచి నీకెందుకయ్యా అని అడిగాడు. మాణిక్యం కాలు గుండెల మీద పెట్టుకుని, తనకి జట్లూ గిట్లూ లేవనీ, ఆట బాగుంటే చాలనీ అన్నాడు. ఆ మాటలో ఏదో కుదరలేదని గవరయ్యకి అనిపించింది, అదేమిటో మాత్రం తెలియలేదు. తనకి తెలియనివి లోకంలో చాలా ఉన్నాయి కదా, ఇదీ వాటిలో ఒకటి అనుకున్నాడు.

"అయితే, పర్వతాలుని తీసెయ్యండి అని అరవమంటావా?"

మాణిక్యానికి ఆ మాట నచ్చలేదు. తీసెయ్యండి అంటే మొరటుగా ఉంటుంది. జట్టువాళ్ళకి రోషం వచ్చి, వాణ్ణే పెడతామని పంతానికి పోయినా పోతారు. పైగా మాటలు ఏరి కూర్చుకోవడమంటే అతనికి మహా సరదా.

"మీ అంతటివారు తీసెయ్యండి అనకూడదండీ. పర్వతాలుని దింపండి అనండి. పదవిలో ఉన్నవాణ్ణి దింపమన్నట్టు ఎంత హుందాగా ఉందో చూశారా?"

గవరయ్య రెండు మూడుసార్లు లోపల అనుకుని చూశాడు. హుందాగానే ఉంది.

మర్నాడు గోతి చుట్టూ ఇసకేస్తే రాలనంత మంది చేరారు. మాణిక్యానికి తెలియని సంగతొకటి అప్పటికే జరిగిపోయింది. ఎద్దు కదలదు, ఎద్దు కదలదు అని గవరయ్య రోజూ పెట్టే నస వినీ వినీ, సూర్రావుకి పర్వతాలు మీద గురి పోయింది. ఈ ఆఖరాటకి గోల్లో కొంగని నిలబెట్టాడు. కొంగ ఎగురుతుంది, చూడ్డానికీ బాగుంటుంది. పర్వతాలు గట్టు మధ్యదాకా ఎక్కి కూలబడ్డాడు, నెమరు వెయ్యడం కూడా మానేశాడు.

ఇదంతా గవరయ్యకి కనిపించలేదు. అతను నిలబడ్డది అవతలి ఒడ్డున. కళ్ళు అంతంతమాత్రం. గోల్లో తెల్లగా ఏదో ఉంది, ఉంటే పర్వతాలే ఉంటాడనుకున్నాడు. ఇవాళ కొంచెం చిక్కాడేమిటా అనిపించింది గానీ, ఇలాంటప్పుడు జాలి పడకూడదని మనసు గట్టి చేసుకున్నాడు.

మాణిక్యం తన జట్టుతో గోతిలోకి దిగి చూసేసరికి గోల్లో కొంగ, గట్టు మీద ఎద్దు. అతని ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అప్పుడు గుర్తొచ్చాడు గవరయ్య. వాడిప్పుడు నోరు తెరిస్తే కొంప మునుగుతుంది. మాణిక్యం కాలు ఊపుకుంటూ, వద్దు వద్దని అరుచుకుంటూ గోతి చుట్టూ పరిగెత్తాడు. అంత గోలలో ఆ మాట ఎవరికి వినబడుతుంది? కాలు ఊపుతూ వస్తున్న నక్కని చూసి, ఇదే సమయం కానియ్యమంటున్నాడు కాబోలనుకున్నాడు గవరయ్య. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"పర్వతాలుని దింపండి! పర్వతాలుని దింపండి!"

ఎందుకో ఏమిటో తెలియకపోయినా పక్కనున్న కుర్ర గాడిదలూ అందుకున్నాయి. గోతి నాలుగు వైపులా అదే మాట మోగింది.

గోలు స్తంభం మీద కూర్చున్న సూర్రావు ఉలిక్కిపడ్డాడు. గట్టు మీద కూర్చున్నవాణ్ణి దింపమంటే గోతిలోకి దింపమనే కదా. ఆటగాణ్ణి దింపమంటే ఆటలోకి దింపమనే కదా. అదీ ఎవరు, పొద్దున లేస్తే పర్వతాలుని తిట్టే గవరయ్య. ఆ నోటే ఇవాళ దింపమంటోందంటే తనే పొరపాటు పడి ఉండాలి. సూర్రావు రెక్క విదిలించి కొంగని బయటికి పిలిచాడు, పర్వతాలుని దిగమన్నాడు.

గవరయ్య కళ్ళకి గోల్లోని తెల్లటిది గాల్లోకి లేచి ఎగిరిపోయింది. కదలడు కదలడనుకున్న పర్వతాలు అలా ఎగిరిపోవడం చూసి అతను నోరు తెరిచేశాడు. అంతలో ఇంకో తెల్లటిది, బాగా పెద్దది, వచ్చి గోల్లో నిలబడింది.

"ఎవర్రా అది?" అని పక్కనున్న కుర్ర గాడిదని అడిగాడు.

"పర్వతాలు బాబాయే."

"మరి ఎగిరిపోయిందెవరు?"

"కొంగ."

గవరయ్యకి తల తిరిగింది. దింపమంటే కొంగ ఎందుకు పోయింది? దింపమన్నవాడు ఎందుకు వచ్చాడు? ఎటు తిప్పి చూసినా తన మాట సరిగ్గా వినబడలేదనే తేలింది. అంతే, ఇంకా గట్టిగా మొదలెట్టాడు. రొప్పుతూ వచ్చిన మాణిక్యం చాలు ఆపమని కాళ్ళు పట్టుకున్నాడు. "ఎలా ఆపుతాం? ఇంకా దింపలేదు కదా" అని గవరయ్య అతన్ని పక్కకి నెట్టాడు.

గోల్లో ఉన్న పర్వతాలు ఆ కేకలన్నీ తనని ఉత్సాహపరచడానికే అనుకున్నాడు. అడవిపంది తన్నిన బంతులు ఒకటి పొట్టకి, ఒకటి మూపురానికి, ఒకటి ముఖానికి తగిలాయి. చలించలేదు. ఆట ముగుస్తుందనగా పంది బంతిని కుడి మూలకి కొట్టింది. ఆ మూలకి పొట్ట చాలదు. సూర్రావు కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడు గవరయ్య గొంతు చించుకుని "పర్వతాలూ" అని అరిచాడు. పర్వతాలు కుడికి ఒక్క అడుగు వేశాడు. బంతి కొమ్ముకి తగిలి బయటికి పోయింది. ఎటువైపూ గోలు పడకుండా ఆట ముగిసింది.

గోతిలో బట్టీవాళ్ళందరూ గంతులేస్తుంటే గవరయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గెలవలేదు కదా, ఇక తనకి ఆ బురదే రాసిపెట్టి ఉందనుకున్నాడు. డ్రా అయితే చాలని సూర్రావు చెప్పలేదా, పైకి పోతున్నాం అని కుర్ర గాడిదలు అతన్ని పట్టి కుదిపాయి. "ఎవరూ గెలవలేదు కదరా, మరి మనమెలా పోతాం?" అని అడుగుతూనే ఉన్నాడు. ఎవరికీ విడమర్చి చెప్పే తీరిక లేదు.

పర్వతాలు గుంపుని తప్పించుకుని అతని దగ్గరికి వచ్చాడు. ముఖం వాచిపోయి ఉంది.

"అన్నా, నన్నెవరూ ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ఇవాళ నీ గొంతు వినే దిగాను. కాలు కదిలిందీ నీ కేకకే."

గవరయ్య నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. కానీ ఆ నిజం ఏమిటో సరిగ్గా అందలేదు. దింపమన్నాడు, దిగాడు. కదలడన్నాడు, కదిలాడు. అతనికి సిగ్గేసింది, సంతోషమూ వేసింది, ఏది దేనికో విడదీసుకోలేకపోయాడు. "బాగా ఆడావు తమ్ముడూ" అన్నాడు చివరికి. గట్టు ఎక్కలేక మోకాళ్ళు మొరాయిస్తే, పర్వతాలు వెనక నించి తల ఆనించి నెమ్మదిగా పైకి నెట్టాడు.

సగం దారిలో మాణిక్యం ఎదురొచ్చాడు. పళ్ళు పటపటా కొరుకుతూ, నేను చెప్పిందేమిటి, మీరు చేసిందేమిటని నిలదీశాడు.

"నువ్వు చెప్పిన మాటేనయ్యా," అన్నాడు గవరయ్య, నిజంగానే అయోమయంగా. "ఒక్క అక్షరం మార్చలేదు. చిత్రం చూడు, నేను అరవకముందే మా సూర్రావు పర్వతాలుని పక్కన పెట్టేశాడట. నేనా సంగతి చూసుకోలేదు. నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు మాణిక్యం. కింద గోతిలో అడవిపంది, ఆ కొంగని తీసేయించిందెవరని తన జట్టువాళ్ళని ఒక్కొక్కర్నే అడుగుతోంది.

నీతి: దానంతటదే మనకి కలిసొస్తున్న పనికి మాయ జోడించినవాడు, తన చేత్తో తనే ఆ పని చెడగొట్టుకుంటాడు.