సన్నెమ్మ ఒడి

నిన్నే. పీకిన కలుపు పాదులోనే పడేసి చేతులు దులుపుకున్నావే, నీకే చెబుతున్నాను. అది బద్ధకం. దాన్ని క్షమించవచ్చు. కానీ ఇందాక కూలికొచ్చిన ముసలామె వెళ్తుంటే, ఆమె ఒడిలో ఏముందోనని మెడ సాచి చూశావు. దాన్ని క్షమించలేను. కూర్చో. చివరిదాకా విను.

ఊళ్లకు పొలిమేర రాళ్లు వేయని రోజుల్లో, ఒక ఊళ్లో సన్నెమ్మ అనే కలుపు కూలి ఉండేది. ఆమె మొగుడు ఆసిరయ్య తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. నడుము విరిగి మంచం పట్టాడు. సన్నెమ్మకు పొలం లేదు, పాడి లేదు. చేతిలో ఒక చిన్న గునపం, కట్టుకున్న చీరకు ఒక ఒడి. అంతే.

ఆ ఊళ్లో పెద్ద పెరడు వరహాలమ్మది. వంగ, బెండ, ఆనప, పందిరి నిండా బీర. వానలు పడితే వాటి మధ్య తుంగ, గలిజేరు, గంగపాయల లేచేవి. సన్నెమ్మ వాటిని తీసేది. తుంగను పైపైన తుంచేది కాదు, తవ్వి అడుగున గడ్డతో సహా లాగేది. ఏ మొక్కనూ విత్తు కట్టనిచ్చేది కాదు. తీసినదంతా ఒడిలో పోసుకుని బయటికి మోసుకుపోయేది. తుంగ ఎండబెట్టి పొయ్యిలో పెట్టేది. గలిజేరూ గంగపాయలా ఏరి, కూర వండేది. చోడి అంబలిలోకి ఆ కూరే. గంగపాయలలో కాస్త పులుపు ఉంటుంది. ఆసిరయ్య నోటికి అదొక్కటే హితవుగా ఉండేది.

తీసిన కలుపు తీసినవాళ్లదే. ఊళ్లో అందరికీ అదే పద్ధతి.

ఒకనాడు ఎవరో అన్నారు, సన్నెమ్మ గుడిసె నుంచి కూర వాసన కమ్మగా వస్తోందని. ఆ మాట వరహాలమ్మ చెవిన పడింది. ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు.

మొదటిసారి, దడి తలుపు దగ్గర సన్నెమ్మను ఆపింది.

"ఏమే, కూలి గింజలు ఇస్తున్నాను. మళ్లీ కూర కూడానా? నా పెరట్లో మొలిచింది నాది. దులుపు."

సన్నెమ్మ నెమ్మదిగా చెప్పింది. "తీసింది బయటికి పోవాలమ్మా. లోపల ఉంచితే మళ్లీ బతుకుతుంది."

వరహాలమ్మ వినలేదు. ఒడి దులిపించి దడి లోపలి పక్కన కుప్ప వేయించింది. ఆ కుప్పను వండిందా? లేదు. ఆవుకు వేసిందా? లేదు. తనకు అక్కరలేదు, ఇంకొకరికి దక్కకూడదు.

రెండోసారి, నీళ్ల బిందెలతో వెళ్తున్న ఆడవాళ్ల ముందు దులిపించింది. "మీ ఆయనకు మంచం మీదే విందులట కదే, నా పెరటి మీదేనా? నా పెరట్లో మొలిచింది నాది." ఒకామె నవ్వింది. మిగతావాళ్లు బిందెలు సర్దుకుని నడిచారు. అయ్యో అన్నవాళ్లు లేరు. సన్నెమ్మ మాత్రం మళ్లీ అదే మాట చెప్పింది, తీసింది బయటికి పోవాలమ్మా అని. దడి పక్కన రెండో కుప్ప పడింది.

మూడోసారికి ఆసిరయ్య మూడు రోజులుగా ఏమీ మింగలేదు. పొద్దున ఆమె బయల్దేరుతుంటే, గంగపాయల పులుసు ఉంటే ఒక ముద్ద దిగుతుందేమో అన్నాడు. ఆ రోజు సన్నెమ్మ ఎవరూ అడగకముందే ఒడి దులిపేసింది. కొంగు చివర ఒక పిడికెడు మాత్రం ముడి వేసుకుంది.

వరహాలమ్మ కన్ను ఆ ముడి మీద పడింది.

సన్నెమ్మ రెండు చేతులతో ముడిని మూసుకుంది. "పిడికెడమ్మా. మా ఆయన మింగే ముద్ద ఇదొక్కటే."

"నా పెరట్లో మొలిచింది నాది."

వరహాలమ్మ తన చేత్తోనే ముడి విప్పింది. ఆ పిడికెడు ఆకు కింద పడేసి కాలితో తొక్కింది.

సన్నెమ్మ ఇంటికి వెళ్లింది. ఆసిరయ్య ఆమె ముఖం చూడలేదు, చేతులు చూశాడు. పొద్దు వాలకముందే పోయాడు. ఆమె శాపం పెట్టలేదు. మళ్లీ ఎవరి పెరట్లోనూ వంగలేదు. నెల తిరగకుండా ఆమె కూడా పోయింది. ఊరు ఆమె గునపాన్ని ఆమెతోపాటే పూడ్చి, తలలు దించుకుని తిరిగొచ్చింది. బతికున్నప్పుడు ఆమె కోసం ఎత్తని తలలు అవి.

తరువాత వాన పడింది. గంగపాయల సంగతి నీకు తెలియదు. పీకి పడేసినా, వేరు గాలిలో ఉన్నా, తడి తగిలితే లేచి కూర్చుంటుంది. మూడు కుప్పలూ లేచాయి. పూశాయి, విత్తు రాల్చాయి. తుంగ గడ్డ గడ్డకూ పిల్ల వేసింది. వంగ పోయింది, బెండ పోయింది, బీరపందిరి కూలింది.

వరహాలమ్మ కూలీల కోసం కబురు పెట్టింది. ఎవరూ రాలేదు. రెట్టింపు గింజలు ఇస్తానంది. ఎవరూ రాలేదు. కోడళ్లను దింపింది. వాళ్లు మూడు రోజులు పీకి, చేతులు పుండ్లు పడి, వేరు కాపురాలు పెట్టుకున్నారు.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో కలుపు తీసిన మనిషి వెళ్లేటప్పుడు ఇల్లాలే లేచి దడి తలుపు తీస్తుంది. తీసి ముఖం పక్కకు తిప్పుకుంటుంది. "సన్నెమ్మ ఒడి, పోనీ" అంటుంది. ఒడి బయటికి పోయాకే మళ్లీ తిరిగి చూస్తుంది. జాలితో పుట్టిన పద్ధతి కాదిది. ఆ తరువాత వరహాలమ్మ ఎలా బతికిందో కళ్లారా చూసినవాళ్ల భయం.

ఆమె ఒంటరిగా పెరట్లో పాకుతూ పొద్దస్తమానం కలుపు పీకేది. ఒడి నింపుకుని వీధిలోకి వచ్చేది. ఈ గడప ముందు నిలబడి తీసుకోమనేది. ఆ గట్టు మీద పోయనివ్వమనేది. చివరికి తిండికి లేనివాళ్ల గుడిసె ముందుకు వెళ్లి, కూర వండుకోండమ్మా, ఊరికే ఇస్తాను అనేది. ఎక్కడికి వెళ్లినా జవాబు ఒకటే.

"మీ పెరట్లో మొలిచింది మీదేనమ్మా."

వరహాలమ్మ తిరిగి తన దడి తలుపు దాటి లోపలికి వచ్చేది. తన ఒడి తన చేతులతోనే అక్కడే దులుపుకునేది. ఒక రోజు కాదు, ఒక ఏడు కాదు. చచ్చేదాకా.