బొగ్గులమ్మ నెత్తళ్ళ మూట

భీమిలి రేవులో చేపలు ఎండబెట్టే చోట కాకులన్నిటికీ పెద్దదిక్కు బొగ్గులమ్మ. ఆవిడకి రెండు గొప్పలుండేవి. వాళ్ళ వంశంలో ఎండు రొట్టెముక్కని నీళ్ళల్లో ముంచకుండా ఎవరూ తినరు. ముంచాక మొదటి ముక్క ఇంట్లో పెద్దవాళ్ళ నోట్లో పెట్టాల్సిందే. ఇది మొదటి గొప్ప. ఇక ఆ వంశంలో కోకిల గుడ్డు పొదిగిన వెర్రిబాగుల కాకి ఇంతవరకూ పుట్టలేదు. ఈ రెండోది మాత్రం అడిగినా అడక్కపోయినా రోజుకి మూడుసార్లు చెప్పేది.

ఆవిడ బెంగ ఒక్కటే, చెల్లెలు మసెమ్మ. వయసులో ఉండగా బియ్యం బస్తాల వెంట ఒక్కో గింజా ఏరుకుంటూ ఓడెక్కింది మసెమ్మ. తల ఎత్తి చూసేసరికి ఒడ్డు లేదు. సముద్రం అవతల దీవిలో గూడు కట్టుకుందని, పిల్లల తల్లి అయిందని ఎప్పుడో ఒక వలస కొంగ కబురు తెచ్చింది. ఆ తర్వాత ఊసు లేదు.

ఒకరోజు బొగ్గులమ్మ ఆ కొంగతోనే అంది. "రెక్కల్లో సత్తువ ఉండగానే దాని మొహం ఒక్కసారి చూసొస్తానే."

"వెళ్ళిరా బొగ్గులక్కా. కానీ ఒట్టి ముక్కుతో వెళ్ళకు. ఆ దీవిలో మనవాళ్ళకి ఇక్కడి చిన్నచేపలు, ఎండు నెత్తళ్ళంటే ప్రాణం."

బొగ్గులమ్మ నెత్తళ్ళు గుడ్డపీలికలో మూట కట్టుకుని ఆ దీవికెళ్ళే ఓడ తెరచాప కొయ్య మీద కూర్చుంది. పదకొండు రోజుల ప్రయాణంలో మూట ఒక్కసారి కూడా విప్పలేదు.

ఆవిడకంటే ముందు నెత్తళ్ళ వాసన దీవి రేవు చేరింది. రెక్కలు ముడుచుకునే లోపే నలభై కాకులు చుట్టుముట్టాయి.

"పెద్దమ్మా!"

"అమ్మమ్మా! నేను మసెమ్మ మనవణ్ణి!"

"నేను ఆ మనవడి బావమరిదిని!"

నిగనిగలాడే కాకి ఒకటి అందర్నీ తోసుకొచ్చి కాళ్ళ మీద పడింది. "నేను తారయ్యని పెద్దమ్మా! మసెమ్మ పెద్దకొడుకుని. అమ్మ పోయి రెండు వానాకాలాలైంది. నీ పేరు తలుచుకుంటూనే కన్ను మూసింది."

ఇంత సముద్రం దాటి వచ్చింది ఈ మాట వినడానికా? బొగ్గులమ్మ భోరుమని ఏడ్చింది. తారయ్య కూడా ఏడ్చాడు, ఒక కంటితో. రెండో కన్ను మూట మీదుంది.

అది చూసి ఆవిడ ఏడుపు టక్కున ఆగింది. చెల్లెల్ని ఎలాగూ చూడలేదు. దాని బిడ్డనుకుని ఎవడో దొంగవెధవని ముద్దాడి పోవడమా? అందుకే ఓడలో ఏరిన ఎండు రొట్టెముక్కలు ముందు పోసింది.

"ఆకలిమీదున్నారు. ముందు ఇవి తినండర్రా. మూట తర్వాత విప్పుతాను."

రెప్పపాటులో రొట్టె మాయమైంది. తారయ్య రెండు ముక్కలు ఒకేసారి మింగి పొలమారి దగ్గాడు. పక్కనే వాననీటి గుంట ఉంది. దానివైపు చూసిన పిట్ట లేదు.

ఒక్కడు తప్ప. వెనకాల తాడు మీద బెరుగ్గా కూర్చున్న నల్లపిట్ట ఒకటి మిగిలిన ముక్క అందుకుని, గుంటలో ముంచి, రెండువైపులా తిప్పి నానబెట్టి, తెచ్చి బొగ్గులమ్మ ముక్కుకి అందించింది.

"తిను పెద్దమ్మా. బాగా నానింది."

"ఓరి నా తండ్రే! నువ్వురా మా మసెమ్మ కొడుకువి! మీరంతా పోండిరా దొంగల్లారా!"

కాకులన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి.

"వాడి కళ్ళు చూడు పెద్దమ్మా, ఎంత ఎర్రగా ఉన్నాయో!" అన్నాడు తారయ్య. "వాడు నేరేడు. కోకిల! ఎవత్తో మా గూట్లో గుడ్డు పెట్టి ఎగిరిపోతే మా అమ్మ పొదిగింది. సొంత కొడుకుని నేనే, ఒట్టు!"

బొగ్గులమ్మకి నానిన రొట్టె కూడా గొంతులో అడ్డంపడింది. "నిజమేటిరా?"

"నిజమే పెద్దమ్మా," అన్నాడు నేరేడు. "సొంత కొడుకు తారయ్యే. నేను పెంపుడు."

"ఆ సంగతి మసెమ్మకి తెలుసా?"

"నేను గొంతు విప్పిన రోజే తెలిసింది. భీమిలిలో మా అక్కకి మాత్రం తెలియనివ్వకు, పొడిచి చంపుతుంది అంది."

"మరి తెలిసీ ఎందుకొచ్చావురా?"

"జబ్బుపడ్డాక అమ్మకి ముద్ద నేనే నానబెట్టి పెట్టేవాణ్ణి. మా అక్క ఎప్పటికైనా వస్తుంది, మొదటి ముక్క నా బదులు నువ్వు పెట్టు అని చెప్పి పోయింది."

"అప్పుడు ఈ తారయ్య ఎక్కడున్నాడు?"

నేరేడు తలదించుకున్నాడు. "రేవులో. పడవల్లో చేపలొచ్చే వేళ."

బొగ్గులమ్మ మూట నేరేడు ముందుకి తోసింది. "ఇదంతా నీదే. తిను."

"నేను చేపలు తినను పెద్దమ్మా. నాకు పళ్ళే పడతాయి."

ఆ మాట పూర్తికాకముందే తారయ్య మూట తన్నుకుపోయాడు. మనవడు, బావమరిది, మిగతా చుట్టాలందరూ వాడి వెంటపడ్డారు. రేవంతా ఖాళీ. మిగిలింది ఇద్దరే. అప్పుడు బొగ్గులమ్మ మళ్ళీ ఏడ్చింది, ఈసారి నేరేడు రెక్కలో తల దూర్చి.

నెలరోజులు వాడు నానబెట్టి పెట్టింది తిని, భీమిలి తిరిగొచ్చింది. కొంగ ఎదురొచ్చి అడిగింది.

"మీవాళ్ళు దొరికారా అక్కా?"

"చెల్లెలు పోయిందే. దాని కొడుకు దొరికాడు. నడక, మాట తీరు, రొట్టె నానబెట్టే పద్ధతి, ముమ్మూర్తులా మసెమ్మే!"

"మొన్న ఆ దీవి మీదుగా వస్తూ నేనూ విన్నాను వాడి గొంతు. అదేంటి, అంత తియ్యగా ఉంది?"

బొగ్గులమ్మ రెక్కలు సర్దుకుంది.

"ఆ గొంతు మా వంశంలో ముందునుంచీ ఉన్నదేనే!"

మూట కోసం వచ్చిన చుట్టం మూటతోనే పోతాడు. ముద్ద పెట్టడానికి వచ్చినవాడు ఎవరి గుడ్డులోంచి వచ్చినా మనవాడే.